మూడో గడిలో టిక్కు

పోయిన వారం ఒక అమ్మాయి బ్లూకార్డ్ గురించి (జర్మనీలో ఉద్యోగానికి వచ్చిన చదువుకున్న విదేశీయులకి ఇచ్చే నివాస అనుమతి కార్డు) మెసేజ్ పెట్టింది. "అక్కా, నాది పర్మనెంట్ కాంట్రాక్టు. బ్లూకార్డ్ నాలుగేళ్లు చెల్లేలా ఇస్తారన్నారు, నాకు మాత్రం పద్నాలుగు నెలలు చెల్లేదే వచ్చింది. ఆఫీసువాళ్లు పొరపాటు చేశారా?" నీ పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో ఒకసారి చూడు అన్నాను. ఐదు నిమిషాల తర్వాత ఏడుపు బొమ్మ ఒకటి వచ్చింది, ఇంకేమీ రాయలేదు.

నాకూ సరిగ్గా ఇదే జరిగింది. కార్డు వచ్చిన కొత్తలో అడగడానికి నాకు అక్క ఎవరూ దొరకలేదు. అందుకని జర్మనీలో కొత్తగా దిగినవాళ్ల కోసం నా కథ రాసి పెడుతున్నాను.

నేను వచ్చింది 2022 మార్చిలో. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆ ఏడాది ఐటీ వాళ్లకి బ్లూకార్డ్ రావాలంటే ఏడాది జీతం కనీసం 43,992 యూరోలు ఉండాలి, నాది దాని పైన కొద్దిగా ఉంది. నెకార్ నది ఒడ్డున చిన్న ఊరు. కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్ చేయించుకోవాలి, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి ఆఫీసులో నమోదు. దానికి అద్దె అగ్రిమెంట్ చూపిస్తే సరిపోదు, ఈమె మా ఇంట్లో దిగింది అని ఇంటి ఓనరు సంతకం పెట్టిన ఫారం వేరే ఉంటుంది. అది లేకుండా వెళ్లి ఒకసారి వెనక్కొచ్చాను.

నమోదయ్యాక ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుందన్నారు. మూడు వారాలు చూశాను, రాలేదు. కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ ఫ్లాట్ నంబరు చూడడు, పోస్టు డబ్బా మీద పేరు చూస్తాడు. మా డబ్బా మీద ఇంకా పాత అద్దెవాళ్ల పేరే ఉంది. ఉత్తరం వచ్చి తిరిగి వెళ్లిపోయింది! ఆ నంబరు లేక మొదటి జీతంలో పన్ను బాగా ఎక్కువ కోశారు (తర్వాత తిరిగొచ్చిందనుకోండి). మన ఇంటిపేరూ పేరూ కలిపి రాస్తే ఆ డబ్బా లేబుల్‌లో పట్టలేదు. రెండు లేబుళ్లు పక్కపక్కన అతికించాను, ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

జూన్‌లో బ్లూకార్డ్ వచ్చింది. 100 యూరోలు, రెండు వేలిముద్రలు, కొన్ని వారాల ఎదురుచూపు. కార్డు చేతికి రాగానే నేను చూసింది ఫోటో. దారుణంగా ఉంది. మా ఆయనకి వాట్సాప్‌లో పంపి ఇద్దరం నవ్వుకున్నాం. దాని పక్కనే 11.08.2024 అని తేదీ ఉంది. అది చదివాను కానీ బుర్రకెక్కలేదు. కాంట్రాక్టుకి గడువు లేదు కాబట్టి కార్డు నాలుగేళ్లకి ఉంటుందని ముందే ఫిక్స్ అయిపోయి ఉన్నాను. 11 ఆగస్టు 2024 నా పాస్‌పోర్టు గడువు. పదేళ్ల కిందట, ఇంజనీరింగ్ అయిన వేసవిలో, "ఎప్పటికైనా పనికొస్తుంది, చేయించి పెట్టుకుందాం" అని నాన్న వెంటబెట్టుకెళ్లి చేయించిన పాస్‌పోర్టు అది. కార్డు గడువు పాస్‌పోర్టు గడువుని దాటదు. అదీ లెక్క.

ఆ నవంబరులో మా ఆయన స్పౌజ్ వీసా మీద వచ్చాడు. బ్లూకార్డ్ ఉన్నవాళ్ల భార్యకి గానీ భర్తకి గానీ రాకముందే జర్మన్ పరీక్ష పాసవ్వాలన్న నిబంధన లేదు, వచ్చాక ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, అది హాయి. కానీ ఆయన కార్డు నా కార్డుకి తోక. నా కార్డు ఎప్పటిదాకా ఉంటే ఆయనదీ అప్పటిదాకే. అలా నాన్న 2014లో చేయించిన పాస్‌పోర్టు తేదీ అల్లుడి కార్డు మీద కూడా అచ్చయింది. అప్పుడు కూడా మేము చూసుకోలేదు.

తమాషా ఏమిటంటే, నేను తేదీలు చూడని మనిషిని కాదు. 2023లో అమ్మ వచ్చినప్పుడు రోజులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టింది నేనే.

అమ్మకి షెంగెన్ విజిటర్ వీసా. షెంగెన్ అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. దానికి నేను ఇక్కడి ఆఫీసుకి జీతం స్లిప్పులు పట్టుకుని స్వయంగా వెళ్లి, ఈమె ఖర్చంతా నాది అని 29 యూరోలు కట్టి హామీపత్రం తెచ్చాను. అక్కడ అమ్మ పేరు మీద కనీసం 30,000 యూరోలకి ట్రావెల్ ఇన్సూరెన్స్ చేయించాం. వీసా వచ్చింది. స్టిక్కరు మీద రెండు రకాల సంగతులు రాసుంటాయి. ఒకటి ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు చెల్లుతుందని. రెండోది ఆ మధ్యలో ఎన్ని రోజులు ఉండొచ్చో. అమ్మ చెల్లుబాటు తేదీ చూసి "ఆగస్టు దాకా ఇచ్చారే!" అని సంబరపడింది. దాని కింద 90 రోజులు అని ఉంది. అది అసలు సంగతి.

ఏప్రిల్ 4న దిగింది. టికెట్ జులై 4కి. మూడు నెలలంటే తొంభై రోజులే కదా అని మా తమ్ముడు బుక్ చేసేశాడు. ఒక ఆదివారం కూర్చుని లెక్కపెట్టాను. దిగిన రోజూ లెక్కే, ఎక్కే రోజూ లెక్కే. ఏప్రిల్‌లో 27, మేలో 31, జూన్‌లో 30, మొత్తం 88. అంటే జులై 2 రాత్రికల్లా అమ్మ షెంగెన్ దాటి ఉండాలి. జులై 4 అంటే తొంభై రెండో రోజు. "రాత్రి పదకొండింటికి దిగాను, దాన్నీ ఒక రోజంటారా?" అని అమ్మ వాదించింది. అంటారమ్మా, రాత్రి పదకొండు యాభైకి దిగినా ఒక రోజే. "మరి ప్యారిస్ వెళ్లిన మూడు రోజులు?" అవి కూడా ఇందులోనే. షెంగెన్ అంతా కలిపి ఒకటే ఖాతా. తమ్ముడు చిరాకు పడుతూనే డబ్బు కట్టి టికెట్ జులై 1కి మార్చాడు. రెండు రోజులకి ఎవరేమంటారు అని చెప్పేవాళ్లు ఉంటారు. రెండు రోజులు ఎక్కువున్నా ఓవర్‌స్టేనే, తర్వాతి వీసా అడిగినప్పుడు అది అడ్డొస్తుంది. ఇంకొకటి, 90 అయిపోయాయి కదా అని ఇంటికెళ్లి వారంలో మళ్లీ రావడం కుదరదు. ఏ రోజు నిలబడి చూసినా వెనక్కి 180 రోజుల్లో 90 మించకూడదు. యూరోపియన్ కమిషన్ సైటులో దీనికో కాలిక్యులేటర్ ఉంది, తేదీలు వేస్తే చెబుతుంది. అమ్మ మాత్రం కాలిక్యులేటర్‌ని నమ్మక వంటింట్లో క్యాలెండర్ మీద రోజూ టిక్కు పెట్టుకుంది.

ఇంత లెక్క చూసిన మనిషికి తన కార్డు సంగతి గుర్తులేదు. 2024 మేలో మా కంపెనీ హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది: మీ కార్డు ఆగస్టు 11తో అయిపోతోంది, కొత్త దాని కాపీ పంపండి. పర్సులోంచి కార్డు తీసి చూశాను. తర్వాత మా ఆయన కార్డు చూశాను. తర్వాత పాస్‌పోర్టు. చేతులు చల్లబడ్డాయి.

ముందు పాస్‌పోర్టు. ఇండియన్ కాన్సులేట్ ద్వారా అప్లై చేస్తే ఆరు వారాలకి కొత్తది చేతికొచ్చింది, జూన్ చివర్లో. ఆరు వారాలంటే ఎక్కువేం కాదని తర్వాత చాలామంది అన్నారు. మాకు ఒక్కో రోజూ లెక్కే. ఇక మిగిలింది టెర్మిన్. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు. జర్మన్‌లో నమస్కారం చెప్పడం కంటే ముందు ఈ మాట నోటికొస్తుంది ఎవరికైనా. విదేశీయుల ఆఫీసు సైటులో పొద్దున్నే ఆరింటికి చూసినా, రాత్రి పన్నెండింటికి చూసినా ఖాళీ ఒక్కటీ లేదు.

అప్పుడు ఆదుకుంది మా పక్క వీధిలో పదేళ్లుగా ఉంటున్న ఒక అక్క. "టెర్మిన్ దొరకలేదని కూర్చోకు. గడువులోపల టెర్మిన్ రాకపోయినా పర్వాలేదు, గడువులోపల అప్లికేషన్ చేరాలి" అంది. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే రెండు వారాల నిద్ర మిగిలేది. ఇక్కడి నివాస చట్టం 81వ సెక్షన్‌లో ఉందిది. ఉన్న కార్డు గడువు తీరకముందే పొడిగింపు అడిగితే, వాళ్లు తేల్చేదాకా పాత కార్డు కొనసాగుతున్నట్టే లెక్క. ఉద్యోగం కూడా ఎప్పటిలా చేసుకోవచ్చు. గడువు దాటాక అడిగితే ఆ రక్షణ మన హక్కుగా రాదు, వాళ్ల దయ.

జులై 1న ఇద్దరి ఫారాలు నింపి, జీతం స్లిప్పులు, కాంట్రాక్టు, ఇన్సూరెన్స్, కొత్త పాస్‌పోర్టుల కాపీలు కలిపి మెయిల్ చేశాం. మీ మెయిల్ అందింది, మళ్లీ మళ్లీ అడగవద్దు అని మెషీన్ జవాబు వచ్చింది. దాన్ని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. అక్క మాట మీద అవే కాగితాలు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకున్నాం. నాలుగైదు యూరోల రసీదుకి ప్లాస్టిక్ కవరేమిటని మా ఆయన నవ్వాడు.

ఆగస్టు 11 వచ్చింది, వెళ్లింది. ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. హెచ్ఆర్‌కి ఆ రసీదూ మెయిలూ పంపితే ఒప్పుకున్నారు.

ఆగస్టు 26 పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. నాన్నకి గుండెలో బ్లాకులు, బైపాస్ అంటున్నారు, వచ్చే వారమే. నేను మొదట అడిగింది నాన్న ఎలా ఉన్నాడని కాదు. "వస్తే మళ్లీ ఇక్కడికి రానిస్తారా" అని నాలో నేను అనుకున్నాను. ఆ ఆలోచన ముందు వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చట్టం ప్రకారం నా కార్డు బతికే ఉంది. కానీ ఆ సంగతి నాకూ చట్టానికీ తెలిస్తే చాలదు, విమానం ఎక్కించేవాడికి తెలియాలి. దానికి ఒక కాగితం ఉంది, ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్. ఇక్కడ మనవాళ్లు ముద్దుగా ఫిక్షన్ అంటారు. కట్టుకథ అని కాదు, ఉన్నట్టుగా భావిస్తున్నాం అని ధ్రువీకరించడం. ఫీజు 13 యూరోలు. అందరికీ తెలియని సంగతి ఏమిటంటే, ఫిక్షన్లన్నీ ఒకటి కాదు. లోపలి పేజీలో గళ్లు ఉంటాయి. మొదటి గడిలో టిక్కు ఉంటే నువ్వు ఇక్కడ ఉండొచ్చు, అంతే. బయటికి వెళ్తే దాన్ని చూపించి తిరిగి రాలేవు. రెండోది ఇంకా కింది రకం, నిన్ను పంపేయడాన్ని ప్రస్తుతానికి ఆపాం అని. మూడో గడిలో, అంటే 81వ సెక్షన్ నాలుగో క్లాజు దగ్గర టిక్కు ఉంటేనే పాత కార్డు హక్కులన్నీ కొనసాగుతాయి, దేశం దాటి తిరిగి రావచ్చు. గడువుకి ముందే అప్లై చేసినవాళ్లకి వచ్చేది ఈ మూడోది. ప్లాస్టిక్ కవరులో దాచిన రసీదు విలువ అప్పుడు తెలిసింది.

ఆస్పత్రి ఉత్తరాన్ని జత చేసి, పైన అర్జెంట్ అని జర్మన్‌లో రాసి మెయిల్ పెట్టాను. మర్నాడు పొద్దున ఏడింటికే వెళ్లి తలుపు ముందు నిలబడ్డాను. టెర్మిన్ లేదు కాబట్టి లోపలికి వీల్లేదన్నాడు గేటు దగ్గర మనిషి. ఆస్పత్రి కాగితం చూపించాను, పొడిపొడి జర్మన్‌లో నాన్న, గుండె, ఆపరేషన్ అన్నాను. పావుగంట తర్వాత ఒక పెద్దావిడ వచ్చి లోపలికి పిలిచింది. నెలల తరబడి జవాబివ్వని ఆఫీసు మీద నాకెంత కోపం ఉన్నా ఆవిడ మీద లేదు. అరగంటలో కాగితం తయారు చేసి, మూడో గడి మీద వేలు పెట్టి, ఇది ఉంది కాబట్టి తిరిగి రాగలవు, పాత కార్డు మాత్రం పారేయకు, రెండూ కలిపి చూపించాలి అంది. ఆ మాట నిజం. షెంగెన్ దేశాలు ఒప్పుకునే పత్రాల జాబితాలో ఈ కాగితం ఉంది, కానీ గడువు తీరిన కార్డో వీసానో తోడు ఉంటేనే చెల్లుతుంది. కార్డు అయిపోయింది కదా అని కత్తిరించి పారేసినవాళ్లు ఉన్నారు.

నాన్న ఆపరేషన్ బాగా జరిగింది. మూడు వారాలు ఉన్నాను. ఆ మూడు వారాల సంగతి ఇక్కడ రాయను.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్లో ఉన్న కుర్రాడు నా పాస్‌పోర్టు తిరగేశాడు. "వీసా ఏది మేడమ్?" కార్డు ఇచ్చాను. "ఇది ఎక్స్‌పైర్ అయింది." కాగితం ఇచ్చాను. అంతా జర్మన్‌లో ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు మేడమ్, పక్కకి నిలబడండి." అతని తప్పు అనను. చెల్లని ప్రయాణికుణ్ణి ఎక్కిస్తే జరిమానా ఎయిర్‌లైన్‌కే పడుతుంది, అతని భయం అతనిది. సూపర్‌వైజర్ వచ్చాడు, ఎవరికో ఫోటోలు పంపాడు, ఫోన్లు చేశాడు. నేను ఆ పత్రాల జాబితాలో జర్మనీ పేజీ ఇంగ్లీషులో ప్రింట్ తీసి తెచ్చుకున్నాను, సరైన లైను పసుపు రంగుతో గీసి మరీ. దాన్ని చూపిస్తూ నిలబడ్డాను. యాభై నిమిషాలు. కౌంటర్ మూసే పదినిమిషాల ముందు బోర్డింగ్ పాస్ వచ్చింది. జర్మనీలో దిగాక పోలీసు ఆ కాగితాన్ని ఐదు సెకన్లు చూసి స్టాంపు కొట్టి ఇచ్చేశాడు. మీరు ఫిక్షన్ మీద ప్రయాణం చేయాల్సి వస్తే నాలుగు గంటల ముందు వెళ్లండి, ఆ ప్రింటు దగ్గర పెట్టుకోండి.

వచ్చాక అక్క మళ్లీ ఒక మాట అంది. "రెన్యువల్ ఎందుకే, పీఆర్ అడగరాదూ?" పీఆర్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు. దానికి బ్లూకార్డ్ మీద ఉన్నవాళ్లకి ఇదివరకు 33 నెలలు కావాలి. 2023 నవంబరు నుంచి 27 చేశారు, అది కూడా మొదటి మెట్టు జర్మన్, ఏ1 ఉంటే చాలు. మూడో మెట్టు, బీ1 ఉంటే 21 నెలలే. ఆ నెలలన్నీ పెన్షన్ కడుతూ ఉద్యోగం చేసి ఉండాలి. నాకు 2024 జూన్‌కే 27 అయిపోయాయి! తెలియక రెన్యువల్ అడిగాను. పోనీ, గడువు కాపాడింది ఆ అప్లికేషనే కాబట్టి దాన్ని అలాగే ఉంచి, దాని మీద పీఆర్ అప్లికేషన్ వేశాను.

దానికి లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్ (జర్మనీలో జీవితం) అనే పరీక్ష రాయాలి. 310 ప్రశ్నలు ముందే ఇచ్చేస్తారు, వాటిలోంచి 33 అడుగుతారు, పీఆర్‌కి 15 సరిపోతాయి, పౌరసత్వానికైతే 17. ఎంసెట్ రాసిన మనకి ఇదొక పరీక్షా? ప్రశ్నలు బట్టీ పట్టేశాను, 31 వచ్చాయి. పక్కన కూర్చున్న అరవై ఏళ్ల టర్కీ ఆయన గంటసేపూ ఒక్కో ప్రశ్నా వేలు పెట్టి చదివి రాశాడు. ఇక్కడే ముప్పయ్యేళ్లు పనిచేశాడట. నా 31 గురించి ఆ రోజు ఎవరికీ చెప్పుకోబుద్ధి కాలేదు.

2025 ఏప్రిల్‌లో పీఆర్ కార్డు వచ్చింది, 113 యూరోలు. దీంతో ఉద్యోగం పోతే ఏమవుతుందన్న టెన్షన్ తగ్గింది. అయితే ఒక మెలిక ఉంది, పీఆర్ వచ్చాక హాయిగా ఏడాది ఇంటికెళ్లి ఉందామనుకునేవాళ్లు వినండి. బ్లూకార్డ్ మీద ఉన్నప్పుడు దేశం బయట పన్నెండు నెలల వరకు ఉండొచ్చు. మామూలు పీఆర్‌కి ఆరు నెలలే. దాటితే పీఆర్ దానంతటదే పోతుంది, ఎవరూ నోటీసు కూడా ఇవ్వరు. ఎక్కువ కాలం కావాలంటే వెళ్లకముందే ఆఫీసులో అనుమతి రాయించుకోవాలి. పెద్దదాన్నించి చిన్నదానికి పోయినట్టుంది కదూ? అయిదేళ్లయ్యాక ఈయూ పీఆర్ అని ఇంకొకటి తీసుకుంటే ఈ బాధ తగ్గుతుంది, దానికి బీ1 కావాలి. నేను ప్రస్తుతం మంగళ, గురువారాలు సాయంత్రం క్లాసుకి వెళ్లి క్రియాపదం చివర్లో పెట్టడం నేర్చుకుంటున్నాను. తెలుగువాళ్లకి అది కష్టం కాకూడదు నిజానికి, మన క్రియాపదమూ చివర్లోనే కదా. అయినా కష్టంగానే ఉంది.

పౌరసత్వం సంగతి అడుగుతారు చాలామంది. ఇప్పుడు అయిదేళ్లకి అడగొచ్చు, 2024 జూన్‌కి ముందు ఎనిమిది ఉండేది. జర్మనీ రెండు పౌరసత్వాలకీ ఒప్పుకుంటోంది, మన దేశం ఒప్పుకోదు. తీసుకుంటే నీలం పాస్‌పోర్టు వదులుకుని ఓసీఐ కార్డు, అంటే పౌరసత్వం వదులుకున్న భారతీయులకి మన దేశం ఇచ్చే కార్డు, పట్టుకోవాలి. నేనింకా ఆలోచించలేదు. ఆలోచించకుండా వాయిదా వేస్తున్నానన్నది సరైన మాట.

కార్డు వచ్చిన రోజు నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. ఈసారి కూడా ఫోటో దారుణంగానే ఉంది.

"ఇంక పర్మనెంటేనా అమ్మా?"

"ఆఁ నాన్నా."

ఆయన కళ్లజోడు పైకి లాక్కుని ఫోన్ దగ్గరికి వచ్చాడు. "మరి 2034 అని ఏదో తేదీ ఉందే?"

హక్కుకి తేదీ లేదు, ప్లాస్టిక్ కార్డుకి ఉంది, అది కొత్త పాస్‌పోర్టు గడువు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఈ పాస్‌పోర్టు నేను చేయించింది కాదుగా" అన్నాడు. కాదు నాన్నా అన్నాను.

మా ఆయన తన ఫోన్లో 2033 నవంబరుకి రిమైండర్ పెట్టాడు. ఆ ఫోన్ అప్పటిదాకా ఉంటుందా అని అడిగాను. ఆలోచించి, లేచి, వంటింటి అల్మారా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాశాడు. అమ్మ టిక్కులు పెట్టిన పాత క్యాలెండర్ ఇంకా అక్కడే వేలాడుతోంది, దాని పక్కన.